ఐ-864లో ఆదాయం: 'బ్యాలెన్స్ చూపించే' అలవాటు ఇక్కడ పనికిరాదు

మనవాళ్లకు అమెరికా వీసా అనగానే ముందు గుర్తొచ్చేది ఫండ్స్ చూపించడం. పిల్లల్ని ఎమ్మెస్‌కి పంపిన ఇళ్లలో ఆ తతంగం తెలియనిదెవరికి? లోన్ శాంక్షన్ లెటర్, నాన్నగారి పేరున ఎఫ్‌డీలు, చాలకపోతే పెదనాన్నగారి అకౌంట్ నుంచి నెలరోజులకని తెచ్చి వేసిన డబ్బు, వీటన్నిటి మీదా సీఏ సంతకంతో నెట్‌వర్త్ సర్టిఫికెట్. ఇంటర్వ్యూ నాటికి అంకె నిండుగా కనిపిస్తే గండం గడిచినట్టే. ఏళ్లు గడిచి అదే కుర్రాడు సిటిజన్ అయి, పెళ్లి చేసుకుని, భార్య గ్రీన్‌కార్డు కోసం ఐ-864, అంటే వచ్చే మనిషి పోషణకు నాదీ పూచీ అని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చే ఫారం, నింపేటప్పుడు కూడా బుర్రలో ఆ పాత లెక్కే తిరుగుతూ ఉంటుంది. కాగితాలు వెనక్కి రావడానికి, ఇంటర్వ్యూలో ఇంకా ఆధారాలు కావాలంటూ పచ్చకాగితమో తెల్లకాగితమో చేతిలో పెట్టి పంపడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఐ-864 ప్రధానంగా మూడు సంగతులు అడుగుతుంది. మీకు ఏటా ఎంత వస్తోంది, ఆ సంగతి ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) చెప్పారా, అది ఇకముందు కూడా వస్తుందా. ఆస్తుల ప్రస్తావన ఆ తర్వాతే, అదీ ఆదాయం చాలనప్పుడే.

ఇంకో మాట. ఇది ఎంసెట్ ర్యాంకు కాదు, పదో తరగతి పాస్ మార్కు. ఫెడరల్ పేదరిక రేఖకు 125 శాతం దాటితే చాలు. 2025 పట్టిక ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187, ఐదుగురికి 47,062. అలాస్కా, హవాయిలకు వేరే అంకెలు ఉంటాయి. మిలిటరీలో యాక్టివ్ డ్యూటీలో ఉండి భార్యనో భర్తనో స్పాన్సర్ చేసేవాళ్లకు 100 శాతమే సరిపోతుంది. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి ఫారం నింపే రోజున ఐ-864పి పట్టిక కొత్తది చూసుకోవాలి. రేఖ దాటాక ముప్పై వేలు చూపించినా మూడు లక్షలు చూపించినా మీ నెత్తిన పడే బాధ్యత ఒకటే. అందుకే అంకె పెంచి రాయడమంత దండగ పని లేదు. లాభం సున్నా, సంతకం మాత్రం అబద్ధపు సాక్ష్యం కింద శిక్షకు ఒప్పుకుంటూ పెట్టినది.

ఇది అసలు ఎవరికి కావాలో కూడా గందరగోళమే. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు భార్యను హెచ్-4 మీద తెచ్చుకోవడానికి ఐ-864 అక్కర్లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వస్తూ, భార్య డిపెండెంట్‌గా అదే కేసులో వస్తుంటే సాధారణంగా అప్పుడూ అక్కర్లేదు. పిటిషన్ వేసిన కంపెనీలో దగ్గరి బంధువుకు 5 శాతం లేదా అంతకు మించి వాటా ఉంటే మాత్రం కావాలి. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకుని ఎఫ్2ఎ (గ్రీన్‌కార్డుదారుల భార్యాపిల్లల) కోటా కింద ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్) వేసినవాళ్లకు, సిటిజన్లకు తప్పనిసరి. కె-1 ఫియాన్సీ వీసాకు ముందు ఐ-134 అనే వేరే హామీ ఫారం చాలు. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డు దరఖాస్తుతో ఐ-864 వేయాల్సిందే.

ఇక అసలు అంకెల దగ్గరికి వద్దాం. ఫారంలో ఆదాయం రెండు చోట్ల అడుగుతారు, రెండూ వేర్వేరు. ఒకటి ఇప్పటి మీ వ్యక్తిగత వార్షిక ఆదాయం, అంటే ఈ ఏడాది మొత్తానికి మీకు రాబోయేది. రెండోది గత మూడేళ్ల ఫెడరల్ ట్యాక్స్ రిటర్నుల్లో ఉన్న టోటల్ ఇన్‌కమ్. మూడేళ్ల అంకెలు రాసినా జత చేయాల్సింది ఆఖరి ఏడాది రిటర్ను మాత్రమే. 2006 నిబంధనలకు ముందు మూడేళ్లవీ పెట్టాలనేవారు, ఆ పాత సలహా ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. అర్హత తేల్చడంలో బరువంతా మొదటి అంకెదే. రిటర్ను దానికి సాక్ష్యం.

టోటల్ ఇన్‌కమ్ అంటే ఫెడరల్ రిటర్ను ఫారం 1040లో 9వ లైను. 11వ లైనులో ఉండేది సర్దుబాట్ల తర్వాత మిగిలేది, 15వ లైనులో ఉండేది పన్ను పడే ఆదాయం. చాలామంది 15వ లైను ఎత్తి రాస్తారు. 2024లో 38,000 డాలర్లు సంపాదించిన మనిషి 14,600 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసిన 23,400 రాశాడనుకోండి, ఇద్దరి కుటుంబానికి కావాల్సిన 26,437 కన్నా కిందికి తనంతట తానే దిగిపోయాడు. అతనికి అసలు సమస్యే లేదు, చేతులారా తెచ్చుకున్నాడు. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ట్యాక్స్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకుంటే అందులో టోటల్ ఇన్‌కమ్ అని విడిగా లైను ఉంటుంది, వెతుక్కునే పని ఉండదు. అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ అని ఇంకొకటి కనిపిస్తుంది, అది కాదు. ట్రాన్‌స్క్రిప్ట్ కాకుండా రిటర్ను కాపీ పెడితే దాంతోపాటు డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రాలు), 1099లు (ఇతర ఆదాయం పత్రాలు), షెడ్యూళ్లు అన్నీ పెట్టాలి. స్టేట్ రిటర్ను ఎవరూ అడగరు.

ఇప్పటి ఆదాయం లెక్కలోనూ చిన్న తప్పులే పెద్ద తలనొప్పి తెస్తాయి. రెండు వారాలకోసారి జీతం వస్తే ఏడాదికి 26 పేచెక్కులు, నెలకు రెండుసార్లు వస్తే 24. పేచెక్కుకు 2,100 డాలర్లు గ్రాస్ ఉన్నవారి ఏడాది జీతం మొదటి లెక్కలో 54,600, రెండో లెక్కలో 50,400. ఎంప్లాయర్ లెటర్‌లో ఒకటి, ఫారంలో ఇంకొకటి పడితే ఆఫీసరుకు అనుమానం రాక మానదు. అలాగే చేతికొచ్చే నికర జీతం రాయకండి, గ్రాస్ రాయాలి. ఇక్కడ ఒక సహజమైన తేడా ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. జీతం 72,000, అందులో 401కెకి (రిటైర్‌మెంట్ పొదుపుకి) 7,200, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 2,400 పోతే డబ్ల్యూ-2 మొదటి గడిలో 62,400 ఉంటుంది. ఇప్పటి ఆదాయం 72,000, రిటర్నులో జీతం 62,400. రెండూ నిజమే. ఒక్క వాక్యంలో వివరణ జతచేస్తే సరి. బోనస్, ఆర్ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) కలపకుండానే రేఖ దాటుతుంటే వాటిని వదిలేయడం మేలు. వచ్చే ఏడాది వస్తాయో రావో తెలియని డబ్బును నిరూపించే బాధ మీకెందుకు?

ఉదాహరణకు, అమెరికాలోనే పెరిగిన అమ్మాయి మేలో డిగ్రీ పూర్తి చేసి జులైలో 70,000 జీతంతో ఉద్యోగంలో చేరింది. గత ఏడాది రిటర్నులో ఉన్నది పార్ట్‌టైమ్ పని మీద వచ్చిన 11,000. హైదరాబాద్‌లో ఉన్న భర్తకు తను స్పాన్సర్ కాగలదా? కాగలదు. చేరిన తేదీ, హోదా, జీతం ఉన్న ఎంప్లాయర్ లెటరు, అప్పటినుంచి వచ్చిన పే స్టబ్‌లు పెడితే ఇప్పటి ఆదాయం మీదే చూస్తారు. ఇలాంటి కేసుల్లో అనవసరంగా బాబాయిని జాయింట్ స్పాన్సర్‌గా (తోడు హామీదారుగా) లాగుతుంటారు. దీనికి తిరగేసి చూస్తే, నిరుడు 90,000 సంపాదించి ఈ మార్చిలో లేఆఫ్ అయిన మనిషిని నిరుటి రిటర్ను ఒక్కటే గట్టెక్కించదు.

ఏప్రిల్ 15 గడువు కూడా గమనించాలి. ఆ తేదీ దాటాక ఫారం వేస్తుంటే నిరుటి రిటర్ను ఉండాలి, లేదా ఫారం 4868 మీద గడువు పొడిగింపు తీసుకున్న రుజువుతో అంతకుముందు ఏడాది రిటర్ను పెట్టాలి.

ఫైలింగ్ స్టేటస్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇది మనవాళ్లలో మరీ ఎక్కువ. శ్రావణంలోనో మాఘంలోనో ఊరెళ్లి పెళ్లి చేసుకొస్తారు. అమ్మాయి ఇంకా ఇక్కడికి రాలేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, కాబట్టి రిటర్నులో 'సింగిల్' అని టిక్ పెట్టేస్తారు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది మొత్తానికీ మీరు వివాహితులే, భార్య ఏ దేశంలో ఉన్నా సరే. ఐ-130లో పెళ్లి తేదీ ఒకటి, ఆ ఏడాది ట్రాన్‌స్క్రిప్ట్‌లో సింగిల్ అని. రెండూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 1040-ఎక్స్‌తో సవరించుకుని, సవరించిన కాపీ, ఐఆర్ఎస్ తీసుకున్నట్టు రుజువు పెట్టడం తప్ప దారి లేదు. అది ప్రాసెస్ అవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫారం వేసేముందే చూసుకోవాలి.

సరైన దారులు రెండు. మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్‌లీ కింద మీ ఒక్కరి ఆదాయంతో వేయడం ఒకటి. భార్యకు డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ లేనివారికిచ్చే పన్ను నంబరు) తెప్పించి, ఆమెను పన్ను కోసం రెసిడెంట్‌గా పరిగణించమని 6013(జి) ఎంపిక చేసుకుని జాయింట్‌గా వేయడం రెండోది. పన్ను తగ్గుతుందని ఎక్కువమంది రెండోదే ఎంచుకుంటారు, కానీ ఆమె ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ రిటర్నులోకి రావాలి. గచ్చిబౌలిలో ఆమెకు వచ్చే జీతం కూడా 9వ లైనులో కలుస్తుంది. ఐ-864లో రిటర్ను అంకె రాసే చోట ఆ మొత్తం ఉన్నదున్నట్టు రాయాలి. ఇప్పటి వ్యక్తిగత ఆదాయం దగ్గర మాత్రం మీదొక్కటే. తేడా తెలిసేలా మీ డబ్ల్యూ-2 విడిగా పెట్టండి. తల్లినో తండ్రినో డిపెండెంట్‌గా పెట్టుకున్నవాళ్లకు భార్య నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఏడాది హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఇంటి పెద్ద) అనే ఫైలింగ్ స్టేటస్‌కు అర్హత రావచ్చు, కానీ ఆమె పేరు మీదే ఆ అర్హత రాదు.

సొంత వ్యాపారాల వాళ్ల సంగతి వేరు. గ్యాస్ స్టేషన్ అమ్మకాలు నెలకు లక్ష డాలర్లయినా షెడ్యూల్ సిలో (రిటర్నులో వ్యాపార లెక్కల పేజీలో) ఖర్చులన్నీ పోగా మిగిలిందే ఆదాయం. పన్ను తప్పించుకోవడానికి అన్నీ ఖర్చులో రాసుకున్న ఏడాది లాభం 14,000 అని తేలితే ఐ-864 చూసేదీ ఆ 14,000నే. అద్దె ఇళ్ల మీద డిప్రిసియేషన్ నష్టాలు కూడా 9వ లైనును కిందికి లాగుతాయి. చేతికి నగదు వచ్చింది గానీ రిటర్నులో చూపలేదంటే అది లేనట్టే. సవరించి, పన్ను, వడ్డీ కట్టుకుంటేనే లెక్కలోకి వస్తుంది. దుబాయ్‌లోనో బెంగళూరులోనో పనిచేస్తున్న సిటిజన్లకు ఇంకో మెలిక ఉంది. ఫారం 2555తో విదేశీ సంపాదన మినహాయించుకుంటే టోటల్ ఇన్‌కమ్ సున్నాకు దగ్గరగా పడుతుంది. పైగా అమెరికా వచ్చాక ఆ ఉద్యోగం సాగకపోతే ఆ జీతం అసలు లెక్కే కాదు, తిరిగి అమెరికాలో స్థిరపడతారన్న డొమిసైల్ రుజువులు కూడా చూపించాలి.

కుటుంబ సభ్యుల సంఖ్య దగ్గర జరిగే పొరపాటు నేరుగా పాస్ మార్కునే మార్చేస్తుంది. మీరు, వస్తున్న జీవిత భాగస్వామి, పెళ్లికాని 21 ఏళ్లలోపు మీ పిల్లలు, రిటర్నులో చూపిన డిపెండెంట్లు. చాలామంది మరిచిపోయేది, ఇదివరకు ఐ-864 మీద మీరు స్పాన్సర్ చేసిన, బాధ్యత ఇంకా తీరని వాళ్లు. అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు తెప్పించి, వాళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం తెనాలిలోనే గడుపుతున్నా, గ్రీన్‌కార్డు ఉన్నంతవరకు లెక్కలోకి వస్తారు. అప్పుడు పెళ్లయిన కొత్త జంట కూడా ఇద్దరు కాదు, నలుగురు, కావాల్సింది 40,187. అమ్మానాన్నలు డిపెండెంట్లుగా కూడా ఉంటే రెండుసార్లు లెక్కపెట్టక్కర్లేదు.

వచ్చే మనిషి సంపాదన కలపవచ్చా అని అందరూ అడుగుతారు. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా అదే చోటినుంచి ఆదాయం సాగుతుందంటేనే. ఇప్పటికే ఇక్కడ హెచ్-1బి మీద పనిచేస్తూ అడ్జస్ట్‌మెంట్ (దేశంలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు) వేస్తున్న భార్య జీతం పనికొస్తుంది. అనుమతి లేకుండా చేసిన పని ఆదాయం పనికిరాదు. రాజీనామా చేసి విమానం ఎక్కే అమ్మాయి హైదరాబాద్ జీతం ఎంత ఉన్నా పనికిరాదు.

ఆస్తులు. ఇక్కడే పాత అలవాటు మళ్లీ తలెత్తుతుంది. రేఖకు ఆదాయం ఎంత తగ్గిందో ఆ మొత్తానికి సిటిజన్ భార్యాభర్తల కేసులో మూడు రెట్లు, గ్రీన్‌కార్డుదారుల కేసులో ఐదు రెట్లు నికర విలువ చూపించాలి. ఆదాయం 18,000 ఉంటే ఇద్దరికి 8,437 తక్కువ. సిటిజన్‌కి 25,311 డాలర్లు కావాలి, డాలరుకు 85 రూపాయల లెక్కన ఇరవై ఒకటిన్నర లక్షలు. అదే గ్రీన్‌కార్డుదారుకైతే 42,185, అంటే దగ్గర దగ్గర 36 లక్షలు. ఆస్తి పెద్దగా నష్టపోకుండా ఏడాదిలోపు డబ్బుగా మారేదై ఉండాలి. వచ్చే మనిషి ఆస్తి కూడా చెల్లుతుంది కాబట్టి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఆమె పేర రిజిస్టర్ చేసిన ప్లాటు నిజంగా ఉపయోగపడుతుంది. తాతగారి పేరున ఉన్న, ఇంకా పంచుకోని మూడెకరాలు ఉపయోగపడవు.

ప్లాటుకు పెట్టాల్సినవి: రిజిస్టర్డ్ దస్తావేజు, అప్పులేవీ లేవని చూపే ఈసీ, రిజిస్టర్డ్ వాల్యూయర్ ఇచ్చిన విలువ నివేదిక, తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువకూ మార్కెట్ విలువకూ మధ్య ఉన్న అంతరాన్ని వాల్యూయర్ నివేదిక వివరించాలి, లేకపోతే ఆఫీసరు చిన్న అంకెనే నమ్ముతాడు. డబ్బు దేశం దాటే దారి కూడా రాయండి. ఎన్నారైకి ఎన్‌ఆర్‌ఓ ఖాతానుంచి (ఇండియాలో వచ్చే డబ్బు ఉంచుకునే ఖాతా) ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు, ఇండియాలో నివసించేవారికి ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వ్ బ్యాంకు పథకం) కింద రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకునే వీలుంది. బ్యాంకు డబ్బు అయితే ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏడాదిలో ఎంత జమ పడింది, ఇప్పుడెంత ఉందో బ్యాంకు లెటరు కావాలి. ఇంటర్వ్యూకి నెల ముందు వచ్చి పడిన పెదనాన్నగారి పాతిక లక్షలు అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సీఏ నెట్‌వర్త్ సర్టిఫికెట్ ఒక్కటే పెడితే దాని కింద ఆధారాలేవని అడుగుతారు. ఆధారాలు ఉంటే సర్టిఫికెట్ అవసరమే లేదు.

అన్నీ పోగా మిగిలేది మరొకరి సాయం. అందులో రెండు దారులున్నాయి. మీ ఇంట్లోనే ఉంటున్న అన్నయ్యో, తల్లిదండ్రులో ఐ-864ఎ (ఇంట్లో ఉన్నవాళ్లు తమ ఆదాయం జోడించే ఒప్పందం) సంతకం చేస్తే వాళ్ల ఆదాయం మీదానికి కలుస్తుంది. రూమ్మేట్ స్నేహితుడు దీనికి పనికిరాడు. వేరే ఇంట్లో ఉన్నవాళ్లయితే జాయింట్ స్పాన్సర్. బంధుత్వం అక్కర్లేదు గానీ సిటిజనో గ్రీన్‌కార్డుదారో అయి, అమెరికాలో నివసిస్తూ, తన ఆదాయంతోనే రేఖ దాటాలి. మీ 18,000కి ఆయన 30,000 కలపడం కుదరదు. డల్లాస్ బాబాయికి పిన్ని, ఇద్దరు పిల్లలు ఉంటే మీ ఆవిడతో కలిపి ఐదుగురు, 47,062 కావాలి. బాబాయి జీతం 45,000, జాయింట్ రిటర్నులో 95,000 ఉంటే బాబాయి ఒక్కడి సంతకం చాలదు, పిన్ని ఐ-864ఎ కూడా ఉండాలి. జాయింట్ స్పాన్సర్ ఉన్నా మీ ఐ-864 మీరు వేయాల్సిందే, మీ ఆదాయం సున్నా అయినా సరే.

బాబాయికి సంతకం ముందే చెప్పాల్సిన సంగతొకటి ఉంది, సాధారణంగా ఎవరూ చెప్పరు. ఇది ప్రభుత్వంతో చేసుకునే, కోర్టులో అమలయ్యే ఒప్పందం. వచ్చిన మనిషి సిటిజన్ అయ్యేదాకానో, సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని జమయ్యేదాకానో, గ్రీన్‌కార్డు వదిలి దేశం విడిచేదాకానో, ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకానో ఉంటుంది. విడాకులతో తీరదు. ఎర్లర్ కేసులో 2016లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందంతో కూడా ఈ బాధ్యత పోదని తేల్చింది. లియూ, మండ్ మధ్య కేసులో 2012లో ఏడో సర్క్యూట్, విడిపోయిన భార్య ఉద్యోగం వెతుక్కోలేదన్న కారణంతో భర్త బాధ్యత తగ్గదంది. ఆమె నిజంగా సంపాదించింది మాత్రం తగ్గించి లెక్కిస్తారు. భర్త ఇవ్వాల్సి వచ్చేది 2025 అంకెల్లో ఒంటరి మనిషికి ఏటా 19,562 డాలర్ల వరకు. పెళ్లి నిలిచి ఉన్నంతకాలం భర్త క్వార్టర్లు భార్య ఖాతాలో కూడా లెక్కవుతాయి, విడాకులైతే ఆ లెక్క చెరిగిపోతుంది. ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 (చిరునామా మార్పు ఫారం) వేయాలని కూడా బాబాయికి చెప్పండి, వేయకపోతే 250 డాలర్లనుంచి జరిమానా.

ఇండియానుంచి వచ్చే కేసుల్లో కాగితాలు ముందు నేషనల్ వీసా సెంటర్‌కు, ఆనక ముంబై కాన్సులేట్‌కు వెళ్తాయి. ఈ మధ్యలో నెలలు గడుస్తాయి, ఉద్యోగాలు మారతాయి, ఏప్రిల్ దాటుతుంది. ఇంటర్వ్యూకి వెళ్లేది మీరు కాదు, మీ భార్యో భర్తో. కొత్త ట్రాన్‌స్క్రిప్ట్, తాజా పే స్టబ్‌లు, కొత్త తేదీతో ఎంప్లాయర్ లెటరు వాళ్ల చేతిలో ఉండాలి. ఉద్యోగం మారితే ఐ-864 తిరగరాసి పంపడమే శ్రేయస్కరం. మీరెక్కడ, ఏ హోదాలో పనిచేస్తున్నారు, సుమారుగా జీతమెంత అన్నది కూడా వాళ్లకు తెలిసి ఉండాలి. 221(జి) కాగితం (మొదట చెప్పిన పచ్చదో తెల్లదో) ఇస్తే భయపడక్కర్లేదు, అందులో టిక్ పెట్టింది ఏమిటో చదివి అదే పంపండి. జాయింట్ స్పాన్సర్ కావాలని అడిగినచోట మళ్లీ మీ పే స్టబ్‌లే పంపితే కేసు కదలదు. ఏడాదిలోగా అడిగింది ఇవ్వకపోతే దరఖాస్తు మళ్లీ మొదటినుంచి, ఫీజుతో సహా.